అందరి ఇళ్లూ నాకు తెలుసు

(విజయవాడలో ఒక కాలనీ అపార్ట్‌మెంట్ల సంఘం వాళ్లు ఆదివారం సాయంత్రం పెట్టుకున్న సమావేశంలో, రిటైరైన సాంఘికశాస్త్రం టీచర్ ఒకరు మాట్లాడిన మాటలివి. ఫోన్ రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం కిందికి దించు బాబూ... ఆ, చాలు. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ప్రశ్నలడుగుతానని భయపడకండి, ముప్పై ఏళ్లు పిల్లల్ని అడిగీ అడిగీ నాకే విసుగొచ్చేసింది.

మన సెక్రటరీ గారు ఫోన్ చేసి, "మేడమ్, కార్పొరేషన్ ఎన్నికల్లో ఓటెందుకు వెయ్యాలో ఓ అరగంట చెప్పండి" అన్నారు. సరేనన్నాను కానీ ముందు ఒక చిన్న పని చెయ్యనివ్వండి. మన ఎమ్మెల్యే పేరు తెలిసినవాళ్లు చెయ్యెత్తండి. అందరూ ఎత్తారు. ఎంపీ? దాదాపు అందరూ. అమెరికా ప్రెసిడెంటు? సరే సరే, దించండి. ఇప్పుడు మనం ఉంటున్న ఈ బిల్డింగ్ ఏ డివిజన్ కిందికి వస్తుంది? 2021లో ఇక్కణ్ణుంచి గెలిచిన కార్పొరేటర్ ఎవరు? (నవ్వులు) ఐదు చేతులు. అందులో ఒకటి మన వాచ్‌మన్‌ది. అతనికెలా తెలుసంటే, కుళాయి రానప్పుడు మనం పైనుంచి అతన్ని కేకేస్తాం, అతను పోయి వాళ్లింటి ముందు నిలబడతాడు. అంటే మన తరఫున ప్రజాస్వామ్యం నడిపేది కూడా వాచ్‌మనే అన్నమాట, జీతంలో కలిపి.

నేను టీచర్ని కాబట్టి ఎన్నికల డ్యూటీలు చాలా చేశాను. 2021 మార్చి 10న మన కార్పొరేషన్‌కి పోలింగ్ జరిగినప్పుడూ చేశాను, రిటైరయ్యేముందు అదే ఆఖరి డ్యూటీ. మీలో కొంతమంది ఓటు వెయ్యలేదు కాబట్టి తెలిసుండదు, అప్పుడు మిషన్లు కాదు, బ్యాలెట్ పేపర్లు. పొద్దున్నే ఖాళీ పెట్టె తలకిందులు చేసి ఏజెంట్లందరికీ చూపించి, సీలు వేసి, ఏడింటికల్లా మొదలు. మున్సిపల్ స్కూల్లో మూడో తరగతి గది. ఆ బల్లలు చిన్నపిల్లలవి కదా, మోకాళ్లు పట్టవు, సాయంత్రానికి నడుం పట్టేసింది. బ్లాక్‌బోర్డు మీద ఎవరో ఎక్కాలు రాసి చెరపడం మర్చిపోయారు, రోజంతా పదమూడో ఎక్కం చూస్తూ కూర్చున్నా.

పదింటప్పుడు కాలవ కట్ట మీద ఉండే ఒక పెద్దావిడ వచ్చింది. డెబ్బై పైనే ఉంటాయి. పేపరిస్తే అటూ ఇటూ తిప్పి చూసి "మిషనేదమ్మా?" అంది. ఈసారి స్టాంపు గుద్దాలి మామ్మగారూ అని చెప్పాను, మడత కూడా చూపించాను. ఎందుకంటే తడి ఆరకుండా ఎలాబడితే అలా మడిచేస్తే ముద్ర వెళ్లి ఇంకో గుర్తు మీద అంటుకుంటుంది, లెక్కపెట్టేటప్పుడు అదో గొడవ. ఆవిడ శ్రద్ధగా విని, వెళ్లి వేసి, పెట్టెలో పడేసి, వెంటనే పోకుండా నా బల్ల దగ్గర ఆగింది. వాళ్ల సందులో లైటు వెలక్క మూణ్ణెల్లయిందట. నేను ఊరికే, "ఎవరు గెలిస్తే వేయిస్తారంటారు?" అన్నాను. అలా అడక్కూడదనుకోండి, డ్యూటీలో ఉండి. ఆవిడేమందో తెలుసా? "ఎవడు గెలిస్తే ఏందమ్మా, అందరి ఇళ్లూ నాకు తెలుసు."

నేను పిల్లలకు రాజ్యాంగంలో ఆర్టికల్ 243 నుంచి 243-జడ్‌జీ దాకా చెప్పాను, పంచాయతీలకి 73వ సవరణ, పట్టణాలకి 74వ సవరణ, అవి అమల్లోకొచ్చిన 1993 ఏప్రిల్ 24, 1993 జూన్ 1, మున్సిపాలిటీల పనులు రాసున్న పన్నెండో షెడ్యూలు, అందులో 18 అంశాలు, అన్నీ బట్టీ పట్టించాను. స్థానిక స్వపరిపాలన అంటే ఏంటో ఆవిడ ఒక్క ముక్కలో చెప్పి, చెంగు దులుపుకుని వెళ్లిపోయింది.

ఆ 18 అంశాలు ఎప్పుడైనా చదివారా? మంచినీళ్లు, రోడ్లు, మురుగు, చెత్త, వీధిదీపాలు, పార్కులు, బస్‌స్టాపులు, శ్మశానాలు, జనన మరణాల నమోదు, ఆఖరికి బందెలదొడ్డి కూడా ఉంది. పుట్టినప్పుడు సర్టిఫికెట్టు, పోయినప్పుడు సర్టిఫికెట్టు, మధ్యలో కుళాయి. విదేశాంగ విధానం మీద మన గ్రూపులో రాత్రి పన్నెండింటిదాకా వాదించుకుంటాం, మంచిదే, కానీ దాని వల్ల మన వీధిలో కాలవ పూడిక తియ్యరు కదా.

సరే, లెక్కకొద్దాం. విజయవాడ జనాభా 2011 లెక్కల్లోనే పది లక్షలు దాటింది. డివిజన్లు 64. అంటే డివిజన్‌కి ఓ పదహారు వేల మంది, ఓటర్లు అంతకంటే తక్కువ. పన్నెండు వేల ఓటర్లున్నారనుకోండి, ఏడు వేల మంది వచ్చి వేశారనుకోండి, ముగ్గురు గట్టిగా పోటీ పడ్డారనుకోండి, మూడు వేల ఓట్లు తెచ్చుకున్నవాడు గెలుస్తాడు. మన కాలనీలో ఉన్న అపార్ట్‌మెంట్లన్నీ కలిపితే ఓట్లెన్నో సెక్రటరీ గారే చెప్పాలి. వెయ్యి దాటతాయా? దాటతాయంట. వెయ్యి ఓట్లు ఒక్కచోట ఉంటే అభ్యర్థి మన లిఫ్ట్ దగ్గర చెప్పులు విప్పుకుని నిలబడాలి నిజానికి. కానీ వాళ్లు మన గేటు దాకా వచ్చి, కరపత్రాలు వాచ్‌మన్ చేతిలో పెట్టి, కాలవ కట్ట మీదికి వెళ్లిపోతారు. ఎందుకంటే ఓట్లెక్కడ పడతాయో వాళ్లకి తెలుసు, పోయినసారి జాబితాలు వాళ్ల దగ్గరుంటాయి, ఏ బూత్‌లో ఎంతమంది వేశారో మనకంటే వాళ్లకే బాగా తెలుసు.

ఒక్క ఓటుతో ఏమవుతుందంటారు కదా. 2019లో విజయవాడ సెంట్రల్ అసెంబ్లీ సీటు ఎన్ని ఓట్ల తేడాతో తేలిందో గుర్తుందా? ఇరవై... ఆ, కరెక్ట్ బాబాయ్ గారూ, 25. మల్లాది విష్ణు గారు, బొండా ఉమా గారి మీద. రెండు లక్షల మందికి పైగా ఓటర్లున్న చోట 25 ఓట్లు! బ్యాలెట్ లెక్కింపులో మేం పేపర్లు ఇరవై అయిదేసి కట్టలు కట్టి రబ్బరు బ్యాండు వేస్తాం. అది మిషన్ ఎన్నికనుకోండి, కట్టలుండవు, అయినా ఆ వార్త వినగానే నా కళ్లకి ఒకే ఒక్క రబ్బరు బ్యాండు కట్ట కనబడింది. అసెంబ్లీకే అలా ఉంటే, డివిజన్ ఎంత? ఓట్లు సమానంగా వస్తే చీటీలు వేసి తీస్తారు, తెలుసా? మీరు పడుకున్న పూట మీ కార్పొరేటర్‌ని చీటీ నిర్ణయిస్తుంది.

ఇప్పుడు గుంటూరు సంగతి చెప్తాను, ఇది కొంచెం ఎక్కువసేపు చెప్తాను, ఓపిక పట్టండి. మా అత్తగారి ఊరు గుంటూరు కాబట్టి నాకు దగ్గరగా తెలుసు. అక్కడ 2005లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2010లో అయిపోయింది. మళ్లీ ఎన్నికలు ఎప్పుడు జరిగాయి? 2021 మార్చిలో. మధ్యలో గోరంట్ల, నల్లపాడు లాంటి పది ఊళ్లని కలిపారు, డివిజన్ల విభజన అన్నారు, కోర్టు అన్నారు, అలా అలా జరిగిపోయింది. 2010లో ఐదో తరగతి చదివే పిల్ల 2021కి బీటెక్ పూర్తి చేసుకుంది, ఆ పిల్ల చదువంతా అయ్యేదాకా ఆ ఊళ్లో ఒక్క కార్పొరేటర్ లేడు. రాజ్యాంగం మాత్రం 243-యులో స్పష్టంగా చెప్తుంది, పాలకవర్గం గడువు ఐదేళ్లు, అది తీరేలోపే ఎన్నిక అయిపోవాలని. మనమూ పెద్ద గొప్పేం కాదు, ఇక్కడ కూడా 2010 నుంచి 2014 దాకా, మళ్లీ 2019 నుంచి 2021 దాకా ఎన్నికైన కౌన్సిల్ లేక, ప్రభుత్వం పెట్టిన స్పెషల్ ఆఫీసర్ పాలనే. 2021 మార్చి 18న కూర్చున్న కౌన్సిల్‌కి 2026 మార్చితో ఐదేళ్లు. వారధి దాటితే మంగళగిరి, తాడేపల్లి వాళ్ల సంగతి మరీను, రెండు మున్సిపాలిటీల్నీ కలిపి 2021లో కార్పొరేషన్ చేశారు, మనం ఆ మార్చిలో ఓటు వేసినప్పుడు వాళ్లకి వేసే అవకాశమే లేదు.

అయితే ఏం, గుంటూరేం మునిగిపోయిందా అంటారు. మునిగిపోలేదండీ, చెత్త బండ్లు తిరిగాయి, పన్నులు వసూలు చేశారు, జీతాలిచ్చారు. స్పెషల్ ఆఫీసర్లలో మంచివాళ్లు కూడా ఉంటారు, కొందరు రాజకీయ నాయకుల కంటే పనిమంతులు. కానీ ఆ ఆఫీసరు గారిల్లు ఎక్కడో మా అత్తగారికి తెలియదు. తెలిసినా గేటు దగ్గర జవాను ఆపుతాడు. ఈయన్ని నియమించింది పైవాళ్లు, బదిలీ చేసేది పైవాళ్లు, మరి ఆయన ఎవరి మొహం చూస్తాడు చెప్పండి? మావాళ్ల వీధిలో భూగర్భ డ్రైనేజీ అని తవ్వారు. తవ్వి వదిలేశారు. మా మామగారు కర్ర పట్టుకుని ఆ గుంతల పక్కనుంచి గుడికి వెళ్లేవారు, రోజూ టెన్షనే. అర్జీలు రాశారు పాపం, ఆయన చేతిరాత బాగుంటుంది, అర్జీ రాసిన ప్రతిసారీ కార్బన్ కాపీ తీసి ఫైల్లో పెట్టుకునేవారు. ఆయన పోయాక ఆ ఫైలు చూశాం. పదకొండు కాపీలు. జవాబు ఒక్కటీ లేదు.

2018 మార్చిలో గుంటూరులో డయేరియా వచ్చింది, గుర్తుందా? ఆనందపేట ప్రాంతం. తాగునీటి పైపులో మురుగు కలిసింది, వందల మంది ఆస్పత్రి పాలయ్యారు, పది మందికి పైనే చనిపోయారు. కౌన్సిల్ ఉంటే అది జరిగేది కాదని నేననను, అంత మాట అనడానికి నా దగ్గర ఆధారం లేదు. 2024 ఫిబ్రవరిలో కౌన్సిల్ ఉండగానే శారదా కాలనీ వైపు మళ్లీ డయేరియా వచ్చింది కదా. కానీ ఒకటి ఆలోచించండి. నీళ్లు వాసన వస్తున్నాయని జనానికి ముందే తెలుస్తుంది, ఆడవాళ్లకి మొదట తెలుస్తుంది, బిందె పట్టగానే. ఆ మాట పొద్దున్నే పోయి ఎవరికి చెప్పాలి? వీధి చివర ఉండే ఒక మనిషికి చెప్తే, వచ్చే ఎన్నిక భయానికైనా అతను కార్పొరేషన్ ఇంజనీరుకి ఫోన్ చేస్తాడు. చెయ్యకపోతే నలుగురు కలిసి వాళ్లింటి మీదికెళ్తారు. ఆ మనిషే లేకపోతే ఆ వాసన బిందెలోనే ఉండిపోతుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి, లేకపోతే మీకు నీతులు చెప్పినట్టుంటుంది. 2014లో నేను ఓటు వెయ్యలేదు. డ్యూటీ వేరే చోట పడింది, పోస్టల్ బ్యాలెట్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు, ట్రైనింగ్‌లో ఫారం కూడా ఇచ్చారు, బ్యాగులో పెట్టుకుని మర్చిపోయాను. వెయ్యి మందికి ఓటు వేయించి, నా ఓటు నేను వేసుకోలేదు. తర్వాత మా వీధిలో కాలవ పొంగి ఇంట్లోకొచ్చినప్పుడు కార్పొరేటర్ దగ్గరికెళ్లాను. అతను మర్యాదగానే కూర్చోబెట్టి, మా బూత్ పేరు చెప్పి, "మీ వైపు వాళ్లు పెద్దగా రారు కదా మేడమ్" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాలవ మాత్రం బాగు చేయించాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

పన్నుల సంగతి. మన ఇంటిపన్ను అద్దె విలువను బట్టి ఉండేది, 2021 నుంచి ఆస్తి విలువను బట్టి మార్చారు. చెత్త పన్ను కూడా ఆ ఏడాదే మొదలైంది, ప్రభుత్వం మారాక తీసేశారు. మన గ్రూపులో ఆ రోజుల్లో ఎంత గోల! కానీ కౌన్సిల్‌లో తీర్మానం పెట్టిన రోజు మనలో ఒక్కరైనా మన కార్పొరేటర్‌కి ఫోన్ చేసి "మీరెటు వేశారు?" అని అడిగామా? పేరే తెలియనప్పుడు ఫోన్ నంబరు ఎక్కడిది.

నూరేళ్ల కిందట మన పక్కవాళ్లు ఏం చేశారో చెప్తాను. చీరాల, పేరాల అప్పుడు గుంటూరు జిల్లాలోవే. రెండు ఊళ్లనీ కలిపి మున్సిపాలిటీ చేశామంది తెల్లదొరల ప్రభుత్వం. ఏటా నాలుగు వేల రూపాయల పన్ను కట్టే చేనేతవాళ్లు, కూలీలు, ఒక్కసారిగా నలభై వేలు కట్టాల్సి వచ్చింది. మాకొద్దు మొర్రో అన్నారు, వినలేదు. 1921లో మన బెజవాడలో కాంగ్రెస్ సమావేశం జరిగింది కదా, అదయ్యాక గాంధీగారు చీరాల వెళ్లారు. ఊరు ఖాళీ చేసి పోవడం ఒక దారి, అయితే కష్టాలన్నీ మీరే పడాలి అన్నారు. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు ముందుండి నడిపించారు. పదిహేను వేల జనంలో పదమూడు వేలమంది దాకా ఇళ్లు వదిలేసి, ఊరి బయట పాకలు వేసుకుని, రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని, పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. ఎండల్లో, వానల్లో, మగ్గాలు పట్టుకుని. వాళ్లని అడిగి చేసిన మున్సిపాలిటీ కాదని, వాళ్ల పన్ను వాళ్ల మాట లేకుండా వేశారని. ఇప్పుడు మన మాట కావాలని కాగితం మీద గుర్తులేసి మరీ ఇస్తున్నారు, పోలింగ్ స్కూలు మన గేటు నుంచి నాలుగు నిమిషాల నడక, ఆ రోజు సెలవు కూడా. మనం తిరుపతి టికెట్లు బుక్ చేసుకుంటాం.

ఏవండీ, మీరేదో అనబోతున్నారు... (సభలోంచి: "ఎవరొచ్చినా అంతేనండీ, గెలిచాక కాంట్రాక్టులే") నిజమే. అలాంటివాళ్లున్నారు. పార్టీలు మారేవాళ్లున్నారు, గెలిచిన భార్యని ఇంట్లో కూర్చోబెట్టి మీటింగులో తను కూర్చునే భర్తలున్నారు. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లవి, ఎన్నోచోట్ల ఫ్లెక్సీ మీద ఆవిడ బొమ్మ చిన్నదీ ఆయన బొమ్మ పెద్దదీ ఉంటుంది, చూసి నాకు ఒళ్లు మండిపోతుంది. కానీ ఇదే ఊళ్లో 2000లో మేయర్‌ని నేరుగా ఎన్నుకున్నప్పుడు పంచుమర్తి అనురాధ గారు ఇరవై ఆరేళ్లకే మేయరయ్యారు. 1981లో కార్పొరేషన్ అయినప్పుడు మొదటి మేయర్ టి. వెంకటేశ్వరరావు గారు, కమ్యూనిస్టు. అంటే ఈ ఊరికి ఎంచుకోవడం చేతకాదని అనకండి.

మీరు కాంట్రాక్టులన్నారు కదా, మరి అలాంటివాడే ఎందుకు గెలుస్తున్నాడు? వాడి వెయ్యి ఓట్లు వాడు తోలుకొచ్చుకుంటాడు, ఆటోలు పెట్టి. మిగతావాళ్లు రాకపోతే ఆ వెయ్యే చాలు. ఇక డబ్బులు తీసుకుని ఓటేస్తారని మన గ్రూపులో జోకులేస్తారే, నాకది నచ్చదు. తీసుకోవడం తప్పే, నేను సమర్థించను. కానీ ఆ రోజు నా బూత్‌లో ఎండలో నిలబడ్డది వాళ్లే. లైన్లో నిలబడని మనం వాళ్లని చూసి నవ్వడానికి మనకేం అర్హతుందో నాకర్థం కాదు. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు నాలుగు విడతలుగా జరిగితే ప్రతి విడతలోనూ 80 శాతం పైనే వేశారు పల్లెటూళ్లవాళ్లు. మార్చిలో పట్టణాలకొచ్చేసరికి 62 దగ్గర ఆగిపోయింది. చదువుకున్నవాళ్లం మరి.

ఆఖరిగా బుడమేరు. 2024 సెప్టెంబర్ 1. మా చెల్లెలు వాళ్లు సింగ్‌నగర్‌లో రెండో అంతస్తులో ఉన్నారు, కింద మనిషి లోతు నీళ్లు. బుడమేరు కట్టలు, గండ్లు, అదంతా కార్పొరేషన్ చేతిలోది కాదు, ఇరిగేషన్ వాళ్లది, నాకు తెలుసు. కానీ నీళ్లు వచ్చాక పడవ ఏ సందులోకి పోవాలి, ఏ ఇంట్లో మంచం మీద లేవలేని మనిషి ఉన్నాడు, ఏ ఇంట్లో నెలల పిల్ల ఉంది అనేది పైనుంచి డ్రోనుకి కనబడదు. మా చెల్లెలి సందులో పాల ప్యాకెట్లు అందిన రోజు, పడవ ముందు నిలబడి "ఆ ఇల్లు, ఆ ఇల్లు" అని చెయ్యి చూపించింది ఆ వార్డులో ఓడిపోయిన అభ్యర్థి. ఓడిపోయినాయన! ఓట్ల కోసం ఇల్లిల్లూ తిరిగాడు కదా, తలుపులన్నీ గుర్తున్నాయి.

చాలు, అరగంట దాటింది, టీలొచ్చేశాయి. ఒక్క పని మాట చెప్పి దిగిపోతా. స్థానిక ఎన్నికలకి వేరే ఓటర్ల జాబితా తయారు చెయ్యరు, అసెంబ్లీ జాబితానే డివిజన్లవారీగా విడగొడతారు. ఆ విడగొట్టడంలో రోడ్డుకి ఇటువాళ్లు అటు పడిపోతుంటారు. ముసాయిదా జాబితా పెట్టినప్పుడే చూసుకోవాలి, పోలింగ్ రోజు నా బల్ల ముందుకొచ్చి ఆధార్ కార్డు ఊపితే నేనేం చెయ్యలేను. ఆ రోజు అలా ఊపినవాళ్లు పదిమంది దాకా ఉన్నారు.

(సభలోంచి: "మేం అద్దెకుంటున్నాం మేడమ్, మా ఓటు తెనాల్లో ఉంది.") అద్దెకుంటే ఏమైందమ్మా, కాలవ పొంగితే ఓనరింట్లోకి ఒకలాగా, అద్దెవాళ్లింట్లోకి ఇంకోలాగా వస్తుందా? ఎక్కడుంటే అక్కడే ఓటు. ఫారం 8 పెడితే తెనాలి నుంచి ఇక్కడికి మారుస్తారు, ఫోన్లోనే పెట్టొచ్చు, బీఎల్వో, అంటే బూత్ స్థాయి అధికారి, ఇంటికొచ్చి చూసుకుంటారు. నీ ఓటర్ కార్డు బ్యాగులో ఉందా? ఫోటో ఉన్నా చాలు. ఇలా రా, నంబరు చదువు. కళ్లజోడు... ఆ, ఇక్కడే ఉంది. చెప్పు.